ఆమె పేరు మీద ఒక పూట

మొన్న సాయంత్రం బనియాస్‌లో మా వీధి చివర ఉన్న బకాలాకి, అంటే ఇక్కడి కిరాణా కొట్టుకి, వెళ్ళి అరకిలో టమాటాలు, రెండు కట్టల కొత్తిమీర, ఒక పెరుగు డబ్బా తీసుకుని, అలవాటు కొద్దీ కవర్ ఇమ్మని అడిగితే, కొట్టతను "కవర్ ఖలాస్ అమ్మా, బహుత్ దిన్ హోగయా" అని నా ఖాళీ చేతుల కేసి జాలిగా చూశాడు. ఇక్కడ ప్లాస్టిక్ కవర్లు ఇవ్వడం మానేసి చాలా కాలమే అయింది గానీ, సంచి ఇంట్లో మరిచిపోయి కొట్టు దాకా వెళ్ళడం నేను ఇంకా మానలేదు. పెరుగు డబ్బా మీద టమాటాలు పేర్చుకుని, కొత్తిమీర చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే, ఈ కవర్ అనే మాటకి నా జీవితంలో ఎన్ని అర్థాలు వచ్చి చేరాయా అని ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

మన వయసు వాళ్ళకి కవరంటే మొదట పోస్టు కవరే కదండీ. మా నాన్న పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చునేవారు కనుక నాకు కార్డుకీ, ఇన్‌లాండుకీ, కవరుకీ తేడా అక్షరాలు రాకముందే తెలుసు. కార్డు అందరూ చదువుకునేది, ఇన్‌లాండు ఇంటిల్లిపాదీ చదువుకునేది, కవరు మాత్రం ఒక్కరే చదువుకునేది అని ఆయన చెప్పేవారు. ఎవరైనా కవరు కొనడానికి వస్తే, ఏమై ఉంటుందా అని నేను వాళ్ళ మొహం వంక చూస్తూ నిలబడేదాన్ని. ఆ ఆరా తీసే బుద్ధి నాకు అప్పటి నుంచే ఉంది. బడి తెరిచాక పుస్తకాలకి పాత క్యాలెండరు కాగితాలతో వేసేవాటిని మేము అట్టలు అనేవాళ్ళం. కాన్వెంటులో చదివే మా పెద్దమ్మ కూతురు వాటినే కవర్లంటే, కవరులో ఉత్తరం పెడతారు గానీ పుస్తకం పెడతారా అని నేను దానితో పోట్లాడాను.

తర్వాత ఎప్పుడో ప్లాస్టిక్ సంచి కవరైపోయింది, దిండు గలీబు కవరైపోయింది, ఆదివారం గుడికి పట్టుకెళ్ళే బైబిలుకి జిప్పున్న కవర్ వచ్చింది. నర్సింగులో చేరితే డాక్టర్లు యాంటీబయాటిక్ కవర్ ఇవ్వమనేవారు. మా ఆయన టీవీ ముందు కూర్చుని బంతి కవర్స్ మీదుగా వెళ్ళిందని కేక పెడితే, ఏ కవర్లోకి వెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఫిలిప్పీన్స్ సిస్టర్‌ని మందులు పెట్టుకోవడానికి కవర్ అడిగితే ఆమె శ్రద్ధగా వెతికి గిన్నె మీద మూత ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇంగ్లీషు ఆమెదే సరైనదట. మనవాళ్ళు ఆ మాటని తెచ్చుకుని, మన ఇంటి అవసరాలకి తగ్గట్టు అంటుగట్టుకున్నారు. నోరు జారినప్పుడు కవర్ చేసుకోవడం అన్న వాడుక మరీ మన సొత్తు.

కానీ ఇక్కడి నర్సులకి కవరంటే ఇవేమీ కావు. నేను నలభై ఆరో ఏట, మనవాళ్ళు దుబాయ్ అని ఒక్క మాటలో అనేసే ఈ దేశానికి వచ్చాను. నిజానికి మేముండే బనియాస్ అబుదాబి వైపు. ఇక్కడ ఒక చిన్న మెడికల్ సెంటర్‌లో కట్లు కట్టే గదిలో ఉద్యోగం. చేరిన వారానికే తోటి నర్సు ఒకామె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, శనివారం నాకు కవర్ చేస్తావా అక్కా అని అడిగింది. దిండు గలీబు ఏమైనా కుట్టమంటోందేమో అనుకున్నాను. తన బదులు డ్యూటీకి వెళ్ళమని అడుగుతోందని తెలియడానికి కాసేపు పట్టింది.

మేముండేది ఒక పాత విల్లా. నాలుగు గదులు, ఒకటే వంటిల్లు. ఒక గదిలో నేనూ మా ఆయనా, మిగతా గదుల్లో ఎనిమిది మంది నర్సులు. మా విల్లాలో కవర్‌కి సంబంధించి ఎవరూ కాగితం మీద పెట్టని రెండు కట్టుబాట్లు ఉండేవి. కవర్ అడిగిన మనిషిని ఎందుకని అడగకూడదు. కవర్ చేసిన మనిషి పేరు బయటికి రాకూడదు. పద్ధతి ప్రకారం మా హెడ్ నర్సు సంతకం ఉంటేనే డ్యూటీ మార్చుకోవాలి. ఆమె మలయాళీ, అందరికంటే పెద్దది, అందుకని అందరం ఆమెని చేచ్చి అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అక్కా అని. చేచ్చి సంతకం పెట్టని రోజుల్లో కూడా లోపల్లోపల కవర్లు జరిగిపోయేవి. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. మొదటి కట్టుబాటు మాత్రం నా ప్రాణానికి వచ్చేది. ఎందుకో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. అడగకుండా, వాళ్ళ బట్టలనీ, తిరిగొచ్చాక వాళ్ళ మొహాలనీ చూసి నాలో నేనే ఏదో ఒకటి అల్లుకునేదాన్ని.

కరోనా వచ్చిన ఏడాది మా సెంటర్ బయట ఎండలో గుడారం వేసి, పరీక్షలకి శాంపిళ్ళు తీయడం మొదలుపెట్టారు. అక్కడ పనిచేసేవాళ్ళకి తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూటు, దాని పేరు కూడా కవరాల్, పైన మాస్కు, కళ్ళద్దాలు, మొహానికి అడ్డంగా ప్లాస్టిక్ రేకు. అవి వేసుకుంటే సన్నవాళ్ళూ లావువాళ్ళూ అందరం నిలబెట్టిన పరుపుల్లాగే ఉండేవాళ్ళం. ఎవరెవరో తెలియడానికి మార్కర్ పెన్నుతో వీపు మీద పేరు రాసుకునేవాళ్ళం. ఉదయం ఒకరి పేరు ఒకరు రాస్తూ, అక్షరాలు వంకరగా వచ్చాయని నవ్వుకునేవాళ్ళం. భయం నిండిన రోజులే అయినా ఆ నవ్వులు ఉండేవి.

ఆ గుడారంలో ముఖ్యంగా పనిచేసింది మా పక్క గదిలోని చెల్లెమ్మ. రక్తసంబంధం కాదు, రాజోలు వైపు అమ్మాయి, ముప్ఫై లోపు వయసు, తెల్లారగానే వందనాలక్కా అంటూ టీ గ్లాసు చేతికిచ్చేది. సహాయ నర్సుగా వచ్చింది. లైసెన్సు పరీక్ష పాసైతే ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా తీసుకుంటామని మాటిచ్చారు. అప్పుడైతే ఫ్యామిలీ వీసా వస్తుంది, భర్తనీ, ఎనిమిది నెలల వయసులో తల్లికి అప్పగించి వచ్చిన కూతురినీ తెచ్చుకోవచ్చు. పాపకి అప్పటికి రెండేళ్ళు. వీడియోలో తల్లిని చూపించి ఎవరమ్మా అంటే, ఫోనమ్మ అనేది. అందరం నవ్వేవాళ్ళం, ఆ అమ్మాయి కూడా నవ్వేది, తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు గిన్నెలు తోమేది.

ఆ పరీక్ష కరోనా వల్ల రెండుసార్లు వాయిదా పడింది. చివరికి చలికాలం మొదట్లో దుబాయ్‌లో ఒక తారీఖు దొరికింది. అది తప్పితే ఆమె కాగితాల గడువు అయిపోతుంది, మళ్ళీ మొదటి నుంచీ తిరగాలి. సెలవు అడిగితే చేచ్చి ఒప్పుకోలేదు. ఇద్దరు సిస్టర్లు జబ్బుపడి ఉన్నారు, గుడారంలో మనుషులు లేరు, ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం. ఆ రోజు నాకు ఆఫ్. చెల్లెమ్మ నా గది గుమ్మంలో నిలబడి, "అక్కా, గురువారం నాకు కవర్ చేస్తావా? పరీక్షక్కా, ఇదొక్కటే చాన్సు" అంది. కట్టుబాటు ప్రకారం కారణం చెప్పనక్కర్లేదు. నా సంగతి తెలుసు కనుక చెప్పేసింది. నేను వెంటనే సరేనన్నాను.

ముందు రోజు ఒక సూటు ఇంటికి తెచ్చి, వంటింటి బల్ల మీద పరిచి, దాని వీపు మీద తన పేరు తనే పెద్ద అక్షరాలతో రాసింది. మర్నాడు పొద్దున్నే ఆమె పరీక్షకి బయలుదేరింది, నేను సెంటర్ బాత్రూములో ఆ సూటు తొడుక్కుని ఆమె పేరుతో గుడారంలోకి నడిచాను. రిజిస్టరులో ఆమె సంతకం పెట్టాను. నిజం చెప్పొద్దూ, నాకు అదంతా గొప్ప సరదాగా అనిపించింది. "యల్లా సిస్టర్, జల్దీ" అని చేచ్చి నన్నే ఆ అమ్మాయి అనుకుని తొందరపెడుతుంటే మాస్కు లోపల నవ్వుకున్నాను. ఇంకొకరి పేరు మోస్తూ తిరిగితే లోకం ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం యాభై రెండేళ్ళ వయసులో కూడా నన్ను వదల్లేదు.

కానీ గుడారం పని నాది కాదు. చెల్లెమ్మ ముందు శాంపిల్ పెట్టే గొట్టానికి పేరున్న స్టిక్కర్ అంటించి, మనిషిని పేరడిగి, అప్పుడు శాంపిల్ తీసేది. నేను కట్లు కట్టే గది మనిషిని, నాకు ముందు పని, తర్వాత రాత. శాంపిల్ తీశాక స్టిక్కర్ అంటించుకుంటూ పోయాను. ఒక క్యాంపు నుంచి బస్సు దిగిన కూలీల్లో జగిత్యాల వైపు వాళ్ళు ఇద్దరు, ఒకే పేరు వాళ్ళు, ఒకరి వెనక ఒకరు వచ్చారు. రేకు వెనక నా చదువుకునే అద్దాలు ఆవిరి పట్టేశాయి. తుడుచుకునే దారి లేదు. రెండు గొట్టాలు చేతిలో పట్టుకుని, రెండు స్టిక్కర్లు అంటించాను. ఒకరిది ఒకరికి అంటించానని నాకు అప్పుడు తెలియలేదు.

వాళ్ళిద్దరిలో పెద్దాయన మూడేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్నాడు, మర్నాడే విమానం. రెండో అతనికున్న జబ్బు తనకున్నట్టు కాగితం రావడంతో ఆయన్ని తీసుకెళ్ళి వేరే గదిలో పెట్టారు, విమానం వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి, తప్పు మాదని తేలాక, ఆయన కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేచ్చి రిజిస్టరు తీసింది. అక్కడున్నది చెల్లెమ్మ పేరు. ఆమెని పిలిచి నిలబెట్టి, ఈమేనా అని ఆయన్ని అడిగారు. ఆయన పాపం తల గోక్కుని, "ఏమో సార్, అందరు తెల్లగనే ఉన్నరు. ఎవలని జెప్పాలె" అన్నాడు. నేను కట్ల గది తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాను.

చేచ్చి "ఖలాస్ సిస్టర్, ఆప్‌కా నామ్ హై, ఆప్‌కా గల్తీ హై" అంది, పేరు నీది కనుక తప్పూ నీదే అని. సెలవు అడిగిన రోజు అదేనని ఆమెకి తెలిసే ఉంటుంది, అయినా రిజిస్టరు దాటి అడగలేదు. చెల్లెమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నన్ను నిందించిన చూపు కాదు. ఏం చేద్దామక్కా అని అడిగిన చూపు. నేను చూపు దించుకుని దూది కత్తిరిస్తున్నట్టు నటించాను. ఆమె, నాదే తప్పు చేచ్చీ, చూసుకోలేదు అంది.

ఎందుకు నోరు విప్పలేదో చెప్పాలి. మా ఆయనకి అంతకు ముందు ఏడాది రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. అదంతా నా ఉద్యోగం మీద వచ్చే ఇన్సూరెన్సు కవర్ చేసేది. ఇంకొకరి పేరు మీద డ్యూటీ చేశానని తెలిస్తే నా లైసెన్సు పోతుంది, నా ఉద్యోగం పోతే ఆయన సూది ఆగిపోతుంది. ఆ పూట గదిలోకి వెళ్ళి ఆయన్ని చూస్తే, బొబ్బర్లు వొలుచుకుంటూ, ఈ రోజు ఒంట్లో బాగానే ఉంది అన్నారు. అంతే, నా ధైర్యం జారిపోయింది. చెల్లెమ్మ గదికి వెళ్ళి చేతులు పట్టుకుంటే, "ఊరుకోక్కా, నేను అడిగితేనేగా నువ్వు ఎల్లావు. బావగారికి బాగుంటే చాలు" అంది. వార్నింగ్ లెటర్‌తో పోతుందిలే అని మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

పోలేదు. ఆమె పరీక్ష పాసైంది. విల్లాలో అందరికీ సేమ్యా పాయసం చేసి పెట్టింది. కానీ పెద్ద ఆసుపత్రి వాళ్ళు, పాత చోట మచ్చలేదని సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా సెంటర్ ఆ వార్నింగ్ సంగతి అందులో రాసింది. శాంపిళ్ళు తారుమారు చేసిన నర్సుని ఆ రోజుల్లో ఎవరు తీసుకుంటారు? మాటిచ్చినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి మా సెంటర్ కూడా ఆమె వీసా పొడిగించలేదు. వెళ్ళే రోజు నేనే పెట్టె సర్దాను. పాప కోసం కొన్న పెద్ద బొమ్మ పెట్టెలో పట్టకపోతే నేను తాళ్ళతో కట్టాను. ఎయిర్‌పోర్టులో ఆమె నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నా ఏడుపులో ఎంత దుఃఖమో ఎంత సిగ్గో ఇప్పటికీ వేరుచేసి చెప్పలేను.

మా ఆయన ఇంకో రెండున్నరేళ్ళు బతికారు. ఆయనకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రెండున్నరేళ్ళూ ఆయన నవ్విన ప్రతి నవ్వూ ఆ అమ్మాయి దగ్గర్నుంచి తెచ్చుకున్నదే కదా అని నాకు అనిపిస్తూ ఉండేది. ఆయన పోయాక చెప్పవచ్చు, అడ్డేమీ లేదు. అయినా చెప్పలేదు. ఒక మాట చాలాకాలం లోపల ఉండిపోతే, దానికే లోపలుండడం అలవాటైపోతుంది. చెల్లెమ్మ ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసేది. కాకినాడలో చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. పాప చదువు గురించి చెప్పేది, నా మోకాళ్ళ గురించి అడిగేది, ఆ పూట గురించి మాత్రం ఎత్తేది కాదు. మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోయిందని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

రెండు నెలల కిందట మామూలు రోజున ఫోన్ చేసింది. మస్కట్‌లో ఉద్యోగం వచ్చేలా ఉందట, పాపనీ తీసుకెళ్ళవచ్చట. కానీ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: ఎప్పుడైనా మీ మీద చర్య తీసుకున్నారా, తీసుకుంటే వివరంగా రాయండి అని. "ఏం రాయమంటావక్కా?" అని అడిగింది. నిజం రాయమ్మా అన్నాను. "నిజం రాస్తే నీ పేరు రాయాలి కదక్కా. వద్దులే, ఏదో ఒకటి రాస్తాలే" అని పెట్టేసింది. చిన్నప్పటి నుంచీ ఎవరి కారణాలైనా ఆరా తీయకుండా ఉండలేని దాన్ని, ఆ అమ్మాయి నన్ను ఎందుకు అడిగిందో మాత్రం రెండు రోజులు ఆలోచించకుండా తప్పించుకు తిరిగాను.

మూడో రోజు కూర్చుని రాశాను. ఆ గురువారం గుడారంలో ఉన్నది నేను, ఆ రెండు గొట్టాల మీద స్టిక్కర్లు తారుమారు చేసింది నేను, ఆమె ఆ సమయానికి దుబాయ్‌లో పరీక్ష రాస్తోంది అని రాసి, నా పేరూ లైసెన్సు నంబరూ వేసి, ఒక ప్రతి ఆమెకి పంపి, ఒకటి మా ముదీర్, అంటే మేనేజరు, బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు సిస్టర్ అని అడిగారు. పైవాళ్ళకి పంపిస్తానన్నారు. ఏమవుతుందో నాకు తెలియదు, ఉద్యోగం పోతే పోతుంది.

ఆ సాయంత్రమే చెల్లెమ్మ ఫోన్ చేసింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను, లేకపోతే ఎందుకక్కా ఇలా చేశావని కోప్పడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. "ఇన్నేళ్ళూ దీనికోసమే చూశానక్కా. పెతీ క్రిస్మస్‌కీ ఇప్పుడు చెప్తావేమో, ఇప్పుడు చెప్తావేమో అనుకుని ఫోన్ చేసేదాన్ని" అంది.

ఇప్పుడు మా సెంటర్‌లో గోడకున్న యంత్రానికి ముఖం చూపిస్తే గానీ డ్యూటీ పడదు. ఆఫ్ కావాలంటే ఫోన్లో నొక్కుతారు, అవుననో కాదనో ఫోనే చెబుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు తెలివైనవాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు వండుకుంటారు, ఎవరి తప్పు వాళ్ళ పేరు మీదే ఉంటుంది. ఇదే మంచిదని నేనే అందరికీ చెబుతాను. అయినా పొద్దున ఆ యంత్రం ముందు నిలబడి నా ముఖాన్ని అది గుర్తుపట్టే దాకా ఎదురుచూస్తున్నప్పుడు, గుమ్మంలో నిలబడి అక్కా నాకు కవర్ చేస్తావా అని అడిగే మనుషులు ఉండిన ఆ వంటిల్లు గుర్తొస్తుంది. ఇప్పుడలా అడిగేవాళ్ళు లేరు. ఎవరైనా వచ్చి అడిగితే, నన్ను నమ్మి నీ పేరు ఇవ్వకమ్మా అని ముందే చెప్పేస్తాను.